వాన పాతదే.. బొక్కెనే పెద్దదైంది!

వరదకు భూతాపం కారణమంటే నవ్వేస్తున్న జనం
రెండు నదుల నడుమ రాయచూరులో ఆ అనుమానాల్లో నిజమెంత?

రాయచూరు:

సింధనూరు చుట్టుపక్కల ఏ క్యాంపుకైనా వెళ్లండి. సాయంత్రం టీ కొట్టు బెంచీ మీద కూర్చుని 2009 వరద మాట ఎత్తండి. ఇక కథలు ఆగవు. ఎవరి గడ్డివాము ఎక్కడ తేలిందీ, ఎవరి మట్టిమిద్దె ఏ రాత్రి కూలిందీ, మంత్రాలయంలో మిద్దెల మీద భక్తులు ఎలా బిక్కుబిక్కుమంటూ గడిపిందీ.. నిన్నో మొన్నో జరిగినట్టు చెబుతారు. అంతా విన్నాక మెల్లగా అడగండి. 'భూమి వేడెక్కడం వల్లే ఇలాంటి వానలు పెరుగుతున్నాయట, ఆ వేడికి కారణం మనిషేనట, మీరేమంటారు?' అని.

అప్పటిదాకా గలగలా మాట్లాడినవాళ్లు ఒక్కసారిగా నవ్వేస్తారు. 'ఊరుకోండి సార్. వాన మన చేతుల్లో ఉంటే ఇన్నేళ్లు కరువెందుకు పడతాం?' అన్నట్టుంటుంది ఆ నవ్వు.

ఈ నవ్వును తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. ఇది ఒక్క రాయచూరు మాటా కాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం, మన దేశంలోని సీఓటర్ సంస్థ కలిసి 2021-22లో దేశవ్యాప్తంగా ఒక సర్వే చేశాయి. భూమి వేడెక్కుతోందన్న మాటను నూటికి 84 మంది ఒప్పుకున్నారు. కానీ అందుకు ప్రధాన కారణం మనిషేనని చెప్పినవారు 57 మందే. అదంతా ప్రకృతి సహజమని 31 మంది తేల్చేశారు. అంటే ఎండ ముదిరిందని, వాన గతి తప్పిందని అందరికీ తెలుసు. దాని వెనక తమ చెయ్యి ఉందంటేనే నమ్మబుద్ధి కాదు.

నమ్మనివాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు. వాళ్ల ప్రశ్నలు గట్టివి. వాటిలో కొన్ని సగం నిజాలు, ఒకటి రెండు పూర్తి నిజాలు. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

కరువులో వచ్చిన గండం

ముందు ఆ 2009 సంగతి గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది దేశమంతా నైరుతి మొహం చాటేసింది. సగటు వానలో 78 శాతమే పడింది. 1972 తర్వాత అంత గడ్డు వానాకాలం లేదు. మామూలు రోజుల్లోనే ఏడాదికి 600 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూగా పడే జిల్లా ఇది. ఆగస్టులో రైతులు మబ్బుల కేసి చూసి కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశారు.

సెప్టెంబరు చివరి రోజుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. అక్కడి నుంచి మొదలు.. అక్టోబరు మొదటి వారం దాకా ఉత్తర కర్ణాటక, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలను వాన కుమ్మేసింది. తుంగభద్ర, కృష్ణ, హంద్రీ, హగరి, వాటిలో కలిసే వాగులూ వంకలూ ఒకేసారి పొంగాయి. అక్టోబరు 2 నాటికి కర్నూలు నగరం నీట మునిగింది. మంత్రాలయం మునిగింది. ఏటికి ఇవతల రాయచూరు జిల్లా తీర గ్రామాలదీ అదే గతి. కర్ణాటకలో 200 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

శ్రీశైలం డ్యాంకు గరిష్ఠంగా 19 లక్షల క్యూసెక్కుల వరద రావచ్చని లెక్కగట్టి కట్టారు. ఆ అక్టోబరులో వచ్చింది దాదాపు 25 లక్షల క్యూసెక్కులు. 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీటిమట్టం 896 అడుగులు దాటింది. ఇంజినీర్ల లెక్కనే వాన దాటేసిన రోజులవి. ఈ ఒక్క అంకెను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

'వరదలేమన్నా కొత్తవా?'

మొదటి అనుమానం పెద్దవాళ్లది. 'వరదలు మా తాతల నాడూ వచ్చినయ్. అప్పుడు కార్లున్నాయా, ఫ్యాక్టరీలున్నాయా?' అంటారు.

నిజమే. నిజాం కాలంలో రాయచూరు కూడా హైదరాబాదు రాజ్యంలోదే. గద్వాల, ఆలంపూర్ తాలూకాలు 1956 దాకా ఈ జిల్లాలోవే. ఆ రాజ్యపు రాజధానిని 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తింది. వేల మందిని పొట్టన పెట్టుకుంది. మన 2009 వరద సరిగ్గా 101 ఏళ్ల తర్వాత, దాదాపు అవే తేదీల్లో వచ్చింది. 1908లో గాలిలో ఇప్పటంత పొగ లేదు. అయినా ఆకాశం చిల్లుపడింది.

కాబట్టి వరదను మనిషే పుట్టించాడని ఎవరూ అనడం లేదు. శాస్త్రవేత్తలు అడిగే ప్రశ్న వేరు. ఇదివరకు వచ్చిందా లేదా అని కాదు. ఇదివరకు ఎన్నేళ్లకోసారి వచ్చేది? ఇప్పుడు ఎన్నేళ్లకోసారి వస్తోంది? వచ్చినప్పుడు అప్పుడెంత కురిసేది, ఇప్పుడెంత కురుస్తోంది?

గిలక బావి దగ్గర నీళ్లు తోడిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. బావి అదే, తాడు అదే. బొక్కెన పెద్దదైతే ఒక్కో తోడుకు వచ్చే నీళ్లు పెరుగుతాయి. గాలి కూడా అంతే. ఒక డిగ్రీ వేడెక్కితే అది సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. ఇది వంద ఏళ్లకు పైగా తెలిసిన భౌతిక సూత్రం. సముద్రం మీద నుంచి గాలి తెచ్చే బొక్కెన పెద్దదైంది. కుమ్మరించేటప్పుడు కూడా పెద్ద బొక్కెనతోనే కుమ్మరిస్తుంది. వాన పాతదే, కొలత మారింది.

'కరువు ఏడాదిలో వరదేమిటి?'

రెండో అనుమానం ఇంకా పదునైంది. 'వేడెక్కితే కరువన్నా రావాలి, వరదన్నా రావాలి. రెండూ ఒకే ఏడాది ఎట్లొస్తాయి? ఏది జరిగినా మీదే గెలుపా?'

2009ని కళ్లారా చూసినవాళ్లు ఈ ప్రశ్న వేయడంలో తప్పులేదు. జవాబు మాత్రం మన వాన లెక్కల్లోనే ఉంది. మధ్య భారతంలో 1951 నుంచి 2000 దాకా కురిసిన వానను భారత శాస్త్రవేత్తలు తవ్వి తీశారు. 2006లో 'సైన్స్' పత్రికలో ఆ లెక్క అచ్చయింది. సీజను మొత్తం వానలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కానీ ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లు దాటి పడే కుంభవృష్టి రోజులు పెరిగాయి. పొలానికి మేలు చేసే ఓ మోస్తరు వాన రోజులు తగ్గాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 2017లో ఇంకో లెక్క చెప్పారు. 1950 నుంచి 2015 మధ్య మధ్య భారతంలో విస్తారంగా పడే అతి భారీ వానల ఘటనలు మూడింతలయ్యాయి. అరేబియా సముద్రం వేడెక్కి, అక్కడి నుంచి తేమ విడతలు విడతలుగా ఎగదన్నుకు రావడమే కారణమన్నారు.

ఇంటి భాషలో చెప్పాలంటే.. నెల జీతం అంతే. కానీ ఇరవై తొమ్మిది రోజులు పస్తు, ముప్ఫయ్యో రోజు ఒకేసారి వడ్డన. పొట్ట ఆ ఇరవై తొమ్మిది రోజులూ మాడుతుంది, ముప్ఫయ్యో రోజు అజీర్తి చేస్తుంది. పొలమూ అంతే. నల్లరేగడి ఎండినప్పుడు నెర్రెలిస్తుంది, ఒక్కసారి తడిసి నిండితే ఇక చుక్క ఇంకనివ్వదు. మిగిలిందంతా వాగు పాలు, ఊరి పాలు. కరువూ వరదా దాయాదులు కావు. ఒకే ఇంటి బిడ్డలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 2009 కరువుకు పసిఫిక్‌లోని ఎల్‌నినో ప్రభావమూ తోడైంది. అది మనిషి చేసింది కాదు. ప్రకృతిలో ఎప్పటి నుంచో ఉన్నదే. అన్నిటికీ ఒకే కారణం అంటగట్టేవారి మాట నమ్మనక్కర్లేదు.

'డ్యామోళ్లు ఇడిసిన్రు, మునిగినం!'

నదీ తీరంలో అందరి నోటా ఇదే మాట. దీనికి కారణం ఉంది. 2019 ఆగస్టులో కృష్ణా వరద వచ్చింది ఇక్కడి వానతో కాదు. పశ్చిమ మహారాష్ట్రలో సాంగ్లీ, కొల్హాపూర్ మునిగాయి. ఆ నీరంతా ఆల్మట్టి దాటి, నారాయణపూర్ దాటి ఇటు వచ్చింది. లింగసుగూరు, దేవదుర్గ, రాయచూరు తాలూకాల్లో పంటలు మునిగాయి. శీలహళ్లి వంతెన నీళ్ల కిందికి వెళ్లింది. కృష్ణ నడిమధ్యనున్న కుర్వకుల, కుర్వకుర్ద లాంటి దీవి ఊళ్లకు దారి తెగింది. దేవదుర్గ తాలూకాలో ముంపులో ఉన్న వంతెన మీద ఒక కుర్రాడు ముందు పరుగెత్తి అంబులెన్సుకు దారి చూపిన దృశ్యం దేశమంతా చూసింది. మన దగ్గర పెద్ద వాన లేకపోయినా ఏరు ఊరి మీదికొస్తే ఎవరైనా గేట్లనే కదా తిడతారు?

గేట్ల సంగతి నిజంగానే తేల్చాల్సిందే. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఉన్న 33 గేట్లలో మిగిలినవన్నీ ఎత్తి నీళ్లు వదలాల్సి వచ్చింది. తెలుగు గడ్డకు చెందిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు వారం తిరిగేలోగా పారే నీటిలోనే తాత్కాలిక గేటు దింపించారు. ఈ ప్రమాదాన్ని వాతావరణం ఖాతాలో రాస్తే అది అబద్ధం. గొలుసు తెగింది పాతబడి, ఆకాశం వేడెక్కి కాదు. అలాగే 1953లో నీళ్లు పట్టడం మొదలైనప్పుడు 130 టీఎంసీలకు పైగా పట్టిన ఆ జలాశయంలో పూడిక చేరి, సామర్థ్యం 105 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. పైనుంచి కొట్టుకొచ్చిన మట్టి అది. కొండలు తవ్వడం, అడవి పలచబడటం, గట్లు తెగ్గొట్టడం.. అన్నిటి ఫలితం. ఇదీ మనిషి చెయ్యే. కాకపోతే వేరే చెయ్యి.

అయితే 2009ని పూర్తిగా గేట్ల మీదికి తోసేయడానికి లేదు. ఆ వరదలో పెద్ద వాటా ఆల్మట్టి, నారాయణపూర్, తుంగభద్ర డ్యాంలకు దిగువన, శ్రీశైలానికి ఎగువన పడిన వానదే. అంటే మన నెత్తి మీద పడిందే. ఆ నీటిని ఆపడానికి మధ్యలో పెద్ద జలాశయం ఏదీ లేదు. రాజోలిబండ లాంటి ఆనకట్టలు నీటిని మళ్లించడానికే గాని నిలపడానికి కాదు. డ్యాం వాళ్లు తలుపులు వేసుక్కూర్చున్నా ఆ నాలుగు రోజుల వాన మనల్ని వదిలేది కాదు.

'రేపటి వానే తెలీదు, వందేళ్లది చెబుతారా?'

ఇది కుర్రకారు ప్రశ్న. సెల్‌ఫోన్‌లో వాన అని చూపిస్తుంది, బయట ఎండ కాస్తుంది. నవ్వులాటే మరి.

కానీ రైతు తానే రోజూ ఈ రెండు లెక్కలూ వేస్తాడు. వచ్చే డిసెంబరు 15న చలి ఎంతుంటుందో ఏ రైతూ చెప్పలేడు. మే నెల మాత్రం డిసెంబరు కంటే వేడిగా ఉంటుందని కళ్లు మూసుకుని చెబుతాడు. హింగారి జొన్న ఎప్పుడు వేయాలో తాతల కాలం నుంచి తెలుసు. కానీ ఈ ఏడు మంచు ఏ రోజు దిగుతుందో తెలీదు. రోజు లెక్క వేరు, కాలం లెక్క వేరు. వాతావరణ శాఖ రేపటి సంగతిలో తడబడొచ్చు. అంతమాత్రాన ముప్ఫయ్యేళ్ల సగటు తప్పయిపోదు.

'పొగ ఎవరిది? పాపం ఎవరిది?'

'ఇన్నేళ్లు పొగ పెట్టింది వాళ్లు. ఇప్పుడు మనల్ని బొగ్గు మానేయమంటారా?' అని అడిగేవాళ్లూ తక్కువేం కాదు. ఈ కోపంలో న్యాయం ఉంది. సగటు అమెరికావాడు ఏడాదికి దాదాపు 14 టన్నుల బొగ్గుపులుసు గాలి వదిలితే, సగటు భారతీయుడి వాటా రెండు టన్నుల దగ్గర ఉంటుంది. చరిత్ర మొత్తం లెక్క తీస్తే ఆ తేడా ఇంకా పెద్దది.

న్యాయం అటుంచి, నిజం మాత్రం మన ఊళ్లోనే కనిపిస్తుంది. కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో 1985లో మొదలైన థర్మల్ కేంద్రం పెరిగి పెరిగి 1720 మెగావాట్లయింది. రాయచూరు పక్కనే యెరమరస్‌లో 800 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి. సగం కర్ణాటకకు వెలుగునిచ్చిన జిల్లా అని గొప్పగా చెప్పుకున్న రోజులున్నాయి. వేలమందికి అన్నం పెట్టింది. ఆ చిమ్నీల పొగ అక్కడికక్కడే వాన కురిపించదు. శక్తినగర్ పొగ వల్ల శక్తినగర్‌లో వరద రాదు. లోకమంతటి చిమ్నీల పొగతో కలిసి అది భూమి చుట్టూ దుప్పటిలా పరుచుకుంటుంది.

ఆ దుప్పటి మనిషి నేసిందేనని ఎలా చెబుతున్నారు? రెండు సాక్ష్యాలు చాలు. ఫ్యాక్టరీల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. కోట్ల ఏళ్లనాటి బొగ్గు, పెట్రోలు నుంచి వచ్చిన కర్బనానికి ఒక ప్రత్యేక గుర్తు ఉంటుంది. పెరిగినదానిలో ఆ గుర్తు దొరికింది. ఇక రెండోది.. సూర్యుడే ఎక్కువ మండుతుంటే గాలి పొరలు పైనా కిందా అన్నీ వేడెక్కాలి. కానీ కింది పొర వేడెక్కుతుంటే చాలా ఎత్తునున్న పొర చల్లబడుతోంది. దుప్పటి కప్పుకుంటే లోపల వెచ్చన, బయట చల్లన. అదీ సంగతి.

పడేసింది గాలా? యూరియానా?

ఇక అసలు చిక్కుముడి. సరే, భూమి వేడెక్కింది. మనిషే కారణం. అయినా ఫలానా వరదలో ఆ వాటా ఎంత?

దీనికి వరి రైతుకంటే బాగా అర్థం చేసుకోగలవాళ్లు లేరు. యూరియా ఎక్కువేసిన చేను ఏపుగా పెరుగుతుంది. కాండం మెత్తబడుతుంది. కోతకు వారం ముందు ఈదురుగాలి వచ్చి చేను పడిపోతుంది. పడేసింది గాలా? యూరియానా? గాలి రాకపోతే పడేది కాదు. యూరియా తగ్గించి వేసిన పక్క చేను అదే గాలికి సగం నిలబడింది. కాబట్టి రెండూ నిజమే. రైతు ఏం చేస్తాడు? రెండు చేలనూ పోల్చి చూస్తాడు.

శాస్త్రవేత్తలు చేసేదీ ఇదే. కంప్యూటర్‌లో రెండు భూములను పెడతారు. ఒకటి ఇప్పటి వేడి భూమి. ఇంకోటి పొగ పెరగకముందు ఉన్న చల్లటి భూమి. రెండింటి మీదా వానలు కురిపించి, అసలు వాన లెక్కలతో సరిచూస్తారు. ఎందులో ఎంత గట్టిగా, ఎంత తరచుగా పడుతోందో తేలుస్తారు.

ఇందులో మన అనుమానపు పెద్దమనుషులకు నచ్చే విషయం ఒకటుంది. ఈ లెక్కలు ప్రతిసారీ మనిషినే దోషిగా నిలబెట్టవు. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. అందరూ భూతాపమే అన్నారు. శాస్త్రవేత్తలు లెక్క తీసి, ఆ వానలో భూతాపం పాత్ర స్పష్టంగా కనిపించడం లేదని ప్రకటించారు. అదే పద్ధతిలో 2024 జులై 30న వయనాడ్ కొండచరియలను కూల్చిన వానను లెక్కగట్టారు. వేడెక్కిన భూమి వల్ల ఆ వాన సుమారు 10 శాతం బలపడిందన్నారు. లేనిచోట లేదన్నారు, ఉన్నచోట ఉందన్నారు. తక్కెడ ఎటు మొగ్గితే అటు చెప్పేవాడి మాటకే సంతలో విలువ.

2009 నాటికి ఒక్కో ఉపద్రవాన్ని విడివిడిగా తూకం వేసే ఈ విద్య ఇంకా పసితనంలోనే ఉంది. కాబట్టి ఆ వరద మొత్తం భూతాపం పనే అని ఎవరైనా అంటే నమ్మకండి. అసలు సంబంధమే లేదని ఎవరైనా తేల్చేసినా నమ్మకండి. గాలి ఉంది, యూరియా కూడా ఉంది. ఏటేటా యూరియా పెరుగుతోంది. 2024 క్యాలెండరు సంవత్సరం మొత్తం మీద భూమి సగటు వేడి పాత కాలంతో పోలిస్తే మొదటిసారి ఒకటిన్నర డిగ్రీల గీతను దాటింది.

నమ్మకపోతే పోయేదేంటి?

'నమ్మితే ఏమొస్తుంది, నమ్మకపోతే ఏం పోతుంది?' అని ఒక నిట్టూర్పు కూడా ఉంది. దాని వెనక అసలు భయం వేరే. 'అంతా వాతావరణం మీదికి నెట్టేసి అధికారులు చేతులు దులుపుకుంటారు' అని.

ఈ భయం నూటికి నూరుపాళ్లూ నిజం. గేటు తెగినా వాతావరణమే, వాగు ఆక్రమించి ప్లాట్లు వేసినా వాతావరణమే, కాలువ పూడిక తీయకపోయినా వాతావరణమే అంటే ఊరుకోకూడదు. కానీ అటు నుంచి కూడా ఆలోచించండి. వానలు మారాయని తెలిసింది కాబట్టే అధికారి బాధ్యత పెరుగుతుంది. 'ఇంత వాన పడుతుందని మాకేం తెలుసు?' అన్న మాట 2009లో చెల్లింది. ఇక చెల్లదు. వాతావరణ మార్పును ఒప్పుకోవడమంటే ఎవరికో క్షమాపణ పత్రం రాసివ్వడం కాదు. వాళ్ల చేతి నుంచి ఆ సాకును లాక్కోవడం.

నమ్మకపోతే పోయేది కొలత. 19 లక్షలకు కట్టిన చోట 25 లక్షలు వచ్చిన సంగతి పైన చూశాం. 2009లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దాదాపు 11 లక్షల క్యూసెక్కుల వరద చూసింది. ఇక అంతకు మించి రాదనుకున్నారు. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చి ఆ రికార్డూ చెరిగింది. పాత కొలతతో కొత్త వంతెన కడితే కొత్త వానకు అది మునుగుతుంది. పాత ముంపు గీత చూసి కొత్త కాలనీ వేస్తే మళ్లీ మునిగేది బీదవాడి ఇల్లే.

2009 తర్వాత కర్ణాటక ప్రభుత్వం 'ఆసరె' పేరుతో ముంపు ఊళ్లకు కొత్త ఇళ్లు కట్టించింది. పొలం దూరమని, నీళ్లు లేవని, వసతులు లేవని కొన్నిచోట్ల జనం పాత ఊరికే మొగ్గారు. 'అంతటి వరద మళ్లీ మా జన్మలో రాదు' అన్న ధీమా ఒకటి. ఆ ధీమా పాత కాలెండరును చూసి వచ్చింది. పదేళ్లు తిరగ్గానే 2019లో కృష్ణ మళ్లీ ఊళ్ల మీదికొచ్చింది.

కాబట్టి గ్రామసభలో భూతాపం గురించి వాదులాడనక్కర్లేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. మన వాగు మీద కట్టే వంతెన ఎత్తు ఏ సంవత్సరపు వరద లెక్కతో వేశారు? ఊరి చెరువుకు అలుగు సరిపోతుందా? 2009లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుడి గోడ మీదో బడి గోడ మీదో ఒక గీత గీయించామా? పై డ్యాం నుంచి నీళ్లు వదిలే ముందు మన ఊరికి కబురు ఎవరు చెబుతారు, ఎంత ముందు చెబుతారు?

రైతుకు ఇంకోటి. కేంద్ర పంటల బీమాలో వరి మునిగితే పొలం వారీగా పరిహారమిచ్చే నిబంధనను 2018లో తీసేశారు. 2026 ఖరీఫ్ నుంచి దాన్ని తిరిగి చేరుస్తున్నట్టు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. పంట దెబ్బతింటే 72 గంటల్లోగా తెలియజేయాలి. నీళ్లు తీసే హడావుడిలో ఆ మూడు రోజులు గడిచిపోతే అంతే సంగతులు.

విశ్వేశ్వరయ్య ఏం చేశారు?

చివరిగా మళ్లీ 1908కే వద్దాం. 'అప్పుడూ వరద వచ్చింది కదా' అనేవాళ్ల చేతిలో అదే పెద్ద ఆయుధం. మరి అప్పటివాళ్లు వరద వెళ్లాక ఏం చేశారు?

నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఇంటిపేరు తెలుగు నేలది, పుట్టుక కన్నడ నేలది. మన సరిహద్దు మనిషిలాంటివాడే. ఆయన వచ్చి, వరదలు మామూలేనని చెప్పి వెళ్లిపోలేదు. వాన ఎంత పడింది, ఏ వాగు నుంచి ఎంత నీరు వచ్చింది, ఎన్ని చెరువులు తెగాయి అని కొలిచారు. పైన రెండు జలాశయాలు కట్టాలన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి.

వరద పాతదే కావొచ్చు. దాన్ని కొలవకుండా వదిలేయడం మాత్రం మన పెద్దల పద్ధతి కాదు.

టీ కొట్టు దగ్గర నవ్వినవాళ్లను తప్పుపట్టక్కర్లేదు. వాన మన చేతుల్లో లేదు, నిజమే. బొక్కెన సైజు మాత్రం కొంచెం కొంచెంగా మన చేతుల్లోకే వచ్చింది. అది తగ్గడానికి లోకమంతా కదలాలి, ఏళ్లు పడుతుంది. ఈలోగా ఇంటి అరుగు ఎంత ఎత్తు లేపాలన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి. వచ్చే సెప్టెంబరులోగా!